సైకిల్ తొక్కి పనికొచ్చేవాళ్ళకు కంపెనీ ఏమిస్తోంది?



మన హోసూరు సంఘంలో సిప్‌కాట్‌లో చిన్న యూనిట్లు నడిపేవాళ్ళు ఉన్నారు. అదే సిప్‌కాట్‌లో మిషను ముందు నిలబడి షిఫ్టు చేసేవాళ్ళు ఉన్నారు. రోజూ అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి వచ్చే ఐటీ పిల్లలు ఉన్నారు. ఉగాదికి అందరం ఒకే పందిట్లో కూర్చుని ఒకే పచ్చడి తింటాం. మరునాడు పొద్దున పనికి బయల్దేరేటప్పుడు మాత్రం ఎవరి బండి వారిది. ఒకరికి కంపెనీ ఇచ్చిన కారు, ఒకరికి కంపెనీ బస్సు, ఒకరికి కంతులు కట్టే మోటార్ సైకిలు, ఒకరికి పాత సైకిలు. వీళ్ళలో మొదటి ఇద్దరి ప్రయాణానికి కంపెనీ డబ్బు పెడుతోంది. చివరివాడికి ఏమీ పెట్టడం లేదు. ఇది సరైన లెక్క కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా మాట ఇంతే. పనికి సైకిల్ మీద వచ్చేవాళ్ళకు జీతం కాక, వచ్చిన దూరాన్ని బట్టి కిలోమీటరుకు ఇంత అని యజమాని ఇవ్వాలి. ఆ పని మన సంఘం సభ్యుల యూనిట్లలోనే మొదలుకావాలి.

ఇది వినగానే "ఈ కాలంలో సైకిలేమిటి" అనేవాళ్ళు ఉంటారు. ఉండక తప్పదు, మనది బండ్లు తయారుచేసే ఊరు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. అశోక్ లేలాండ్ లారీలు కూడా ఆ ఏడు నుంచే ఇక్కడ తయారవుతున్నాయి. సైకిల్ తొక్కే మనిషిని మోపెడ్ ఎక్కించిన ఊరు మనది. ఆ బండ్లే మన ఇళ్ళల్లో పొయ్యి వెలిగించాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. అయితే 2011 జనాభా లెక్కలు ఒకసారి తీసి చూడండి. వ్యవసాయం కాక వేరే పనులు చేసేవాళ్ళు పనికి ఎలా పోతున్నారని ఆ లెక్కల్లో అడిగారు. దేశం మొత్తంలో దాదాపు 2.6 కోట్ల మంది సైకిల్ మీద పోతున్నామన్నారు. స్కూటరు, మోటార్ సైకిలు, మోపెడ్ అన్నీ కలిపినా అప్పటికి దాదాపు అంతే. నడిచిపోయేవాళ్ళు 4 కోట్లకు పైనే. ఆ తరవాత మోటారు బండ్లు బాగా పెరిగాయి, నిజమే. అయినా ఉదయం ఆరు గంటల షిఫ్టుకు ముందు సిప్‌కాట్ గేట్ల దగ్గర నిలబడితే సైకిళ్ళు ఇంకా కనిపిస్తాయి. ఎక్కువమంది కాంట్రాక్టు పనివాళ్ళు, కాంటీన్‌లో వండేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు. సైకిల్ పోలేదు. దాన్ని తొక్కేవాళ్ళు మన కంటికి ఆనడం లేదు, అంతే.

బయటి దేశాల్లో ఈ పని ఎలా చేస్తున్నారో ముందు చూద్దాం. ఎందుకంటే మన దగ్గర ఎవరైనా ఈ విషయం ఎత్తితే మొదట చెప్పేది బ్రిటన్ సంగతే.

బ్రిటన్‌లో 1999 నాటి ఆర్థిక చట్టంతో ఒక పథకం వచ్చింది. కంపెనీ సైకిల్ కొని ఉద్యోగికి వాడుకోవడానికి ఇస్తుంది. ఉద్యోగి తన జీతంలో కొంత భాగాన్ని, మామూలుగా ఒక ఏడాదిపాటు, వదులుకుంటాడు. పన్ను పడకముందే ఆ సొమ్ము జీతంలోంచి తగ్గిపోతుంది కనుక దాని మీద ఆదాయపు పన్ను, అక్కడి సామాజిక బీమా చందా రెండూ మిగులుతాయి. గడువు తీరాక కొంత కట్టి సైకిల్‌ను సొంతం చేసుకోవచ్చు. చాలాకాలం ఆచరణలో వెయ్యి పౌండ్ల హద్దు ఉండేది. 2019లో దాన్ని సడలించాక ఖరీదైన బ్యాటరీ సైకిళ్ళు కూడా ఈ దారిలో కొనుక్కోవడం పెరిగింది.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ లోపల రెండు మెలికలున్నాయి. మొదటిది, మిగిలేది పన్ను కనుక ఎక్కువ పన్ను కట్టేవాడికే ఎక్కువ మిగులుతుంది. ఒకే సైకిల్ కొన్నా 20 శాతం పన్ను కట్టే గుమాస్తా కంటే 40 శాతం కట్టే మేనేజరుకు అది చవగ్గా వస్తుంది. రెండోది ఇంకా గట్టిది. జీతం వదులుకున్నాక మిగిలేది కనీస వేతనం కంటే తగ్గకూడదని చట్టం. కాబట్టి కనీస వేతనం మీద పనిచేసేవాడికి ఆ పథకంలో చోటే లేదు. సైకిల్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే గేటు బయట ఉండిపోతారు.

బెల్జియంలో వేరే దారి పట్టారు. అక్కడ పనికి సైకిల్ మీద వచ్చేవాళ్ళకు కిలోమీటరు లెక్కన భత్యం ఇచ్చే అలవాటు ముందునుంచీ ఉంది. 2023 మే 1 నుంచి యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న జాతీయ ఒప్పందం ప్రకారం, అలాంటి ఏర్పాటు అప్పటికే లేని ప్రైవేటు కంపెనీల్లో కూడా అది హక్కయింది. అప్పట్లో కిలోమీటరుకు 0.27 యూరో, ఒక్కో వైపు 20 కిలోమీటర్ల దాకా. ఇక్కడ సైకిల్ కొత్తదా పాతదా, జీతం ఎంత, పన్ను ఎంత అని ఎవరూ అడగరు. తొక్కావా, ఎంత దూరం, ఎన్ని రోజులు, అంతే.

నెదర్లాండ్స్‌లో పనికి వచ్చిపోయే దూరానికి కిలోమీటరుకు ఇంత అని పన్ను లేకుండా ఇవ్వవచ్చు. 2024లో అది 0.23 యూరో. కారులో వచ్చినా సైకిల్ మీద వచ్చినా అదే రేటు. కారువాడికి అది పెట్రోలుకు పోతుంది, సైకిల్‌వాడికి చాలావరకు జేబులో మిగులుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బ్రిటన్ పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టమని అడిగే ఐటీ తమ్ముళ్ళకు ఒక్క ప్రశ్న. నెలకు 18,000 తెచ్చుకునే మనిషి కడుతున్న ఆదాయపు పన్ను ఎంత? సున్నా. 2025–26 లెక్కల్లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సిన పన్ను లేదు. జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపితే 12.75 లక్షల దాకా. కట్టని పన్నులో రాయితీ ఇస్తామంటే అది ఎండిన బావిలో బిందె ముంచినట్టే. కాబట్టి పన్ను రాయితీ చుట్టూ అల్లిన సైకిల్ పథకం మన దేశంలో ఐటీ కంపెనీ క్యాంపస్‌లో ఫొటోలకు పనికొస్తుంది, సిప్‌కాట్ గేటు దగ్గర పనికిరాదు.

మన పన్ను నియమాలు కారును ఎలా చూస్తూ వచ్చాయో కూడా చూడండి. కంపెనీ కారును ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుకుంటే, 1.6 లీటరు దాటని ఇంజనుకు నెలకు 1,800 రూపాయలు, డ్రైవరుకు మరో 900 మాత్రమే ఉద్యోగి ఆదాయంలో కలిపే లెక్క ఎన్నో ఏళ్ళు నడిచింది. ఆ ధరకు నెలంతా కారు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మనమూ పోదాం. మామూలు జీతగాళ్ళకు ఉన్న నెలకు 1,600 రూపాయల రవాణా భత్యం మినహాయింపును 2018 బడ్జెట్‌లో ఎత్తేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపేశారు. సైకిల్ మాట ఈ లెక్కల్లో ఎక్కడా ప్రత్యేకంగా రాలేదు. ఒక్క మేలు మాత్రం జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అయితే అదే రోజు 350 సీసీ లోపు మోటార్ సైకిళ్ళకు, చిన్న కార్లకు 28 నుంచి 18కి దిగింది. తగ్గింపులో కూడా పెద్ద ముద్ద ఎవరి విస్తట్లో పడిందో తెలుస్తూనే ఉంది.

అందుకే మేం బెల్జియం దారి పట్టమంటున్నాం. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, చెన్నై జీవో అక్కర్లేదు. యజమాని ఒప్పుకుంటే చాలు.

లెక్క వేసి చూద్దాం. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్లు అనుకోండి. రానుపోను 10. నెలకు 25 రోజులు, అంటే 250 కిలోమీటర్లు. కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున నెలకు 500. ఈ 2 రూపాయలు గాల్లోంచి తీసింది కాదు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద వస్తే 250 కిలోమీటర్లకు 5 లీటర్లు. లీటరు వంద అనుకుంటే 500 రూపాయలు. అంటే బండి మీద వచ్చే పనివాడు ఎంత కాలుస్తున్నాడో అంత సైకిల్‌వాడి చేతికిస్తున్నాం. బండి వదిలి సైకిల్ ఎక్కినవాడికైతే కాల్చని 500, వచ్చిన 500, మొత్తం నెలకు 1,000 తేడా. 18,000 జీతంలో వెయ్యి అంటే పిల్లవాడి ట్యూషను ఫీజు.

యజమాని వైపు నుంచి చూద్దాం. 40 మంది ఉన్న యూనిట్‌లో 12 మంది సైకిల్ మీద వస్తే నెలకు 6,000. పనివాళ్ళను తేవడానికి వ్యాను పెట్టుకున్న అన్నలకు దాని నెల అద్దె ఎంతో మేం చెప్పక్కర్లేదు. పైగా ప్రయాణ భత్యం ఈఎస్‌ఐ చట్టంలో వేతనం కిందికి వచ్చేది కాదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ రవాణా భత్యాన్ని వేతనం నుంచి మినహాయించారు. అలాంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే మాత్రం, దాటినంత వేతనంలో కలుస్తుంది. ఆ గీత చూసుకుంటే చాలు. మీ ఆడిటరును ఒక మాట అడగండి.

ఇక్కడే ఒక గట్టి షరతు. ఉన్న జీతాన్ని చీల్చి, బేసిక్ తగ్గించి, ఆ ముక్కకు సైకిల్ భత్యం అని పేరు పెడితే ఒప్పుకోం. అది పనివాడి పీఎఫ్ కోయడమే అవుతుంది. ఇచ్చేది పైన ఇవ్వాలి. కాంట్రాక్టు పనివాళ్ళకు కూడా ఇవ్వాలి, అది కాంట్రాక్టరు జేబులో ఆగకుండా పనివాడి ఖాతాలో పడాలి. గేటు లోపల సైకిల్ పెట్టేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ కనుక, వాళ్ళను వదిలేస్తే ఈ పథకానికి అర్థమే లేదు.

డబ్బు ఒక్కటే సరిపోదు. ఇంకో మూడు చిన్న పనులున్నాయి.

ఒకటి, నీడ. చాలా యూనిట్లలో కారుకు రేకుల షెడ్డు, సైకిల్‌కు గోడ పక్కన ఎండ. ఒక కారు నిలిపే చోట పది సైకిళ్ళు నిలుస్తాయి. షెడ్డులో ఒక మూల, గొలుసు వేసుకునే కమ్మీ, గాలి కొట్టే పంపు, పంచరు సామాను. వీటికి పెద్ద ఖర్చు లేదు.

రెండు, అడ్వాన్సు. మామూలు నల్ల సైకిలు ఆరేడు వేలలో వస్తుంది. కంపెనీ వడ్డీ లేకుండా ఆ సొమ్మిచ్చి నెలకు 500 చొప్పున పట్టుకుంటే, 6,000 రూపాయల సైకిలు కిలోమీటరు భత్యంతోనే 12 నెలల్లో తీరిపోతుంది. చేతి నుంచి పైసా పెట్టకుండా సైకిల్ సొంతమవుతుంది. ఐటీ తమ్ముళ్ళు బ్రిటన్‌లో చూసి ముచ్చటపడ్డది ఇదే, పన్ను గొడవ లేకుండా.

మూడు, వెలుతురు. మొదటి షిఫ్టుకు చీకట్లో రావాలి, రెండో షిఫ్టు దిగితే చీకట్లో పోవాలి. ముందు దీపం, వెనక ఎర్ర దీపం, మెరిసే జాకెట్టు. ఇవి కంపెనీయే ఇవ్వాలి. మిషను దగ్గర గ్లవ్స్ ఇచ్చినట్టే ఇదీనూ.

దారిలో ప్రమాదం జరిగితే? ఈ సంగతి మన పనివాళ్ళలో చాలామందికి తెలియదు. ఈఎస్‌ఐ చట్టంలో 2010లో 51ఈ అనే సెక్షన్ చేర్చారు. ఇంటి నుంచి పనికి వస్తూ గానీ పని నుంచి ఇంటికి పోతూ గానీ జరిగిన ప్రమాదాన్ని, దానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. సైకిల్ మీద వచ్చినా ఇది వర్తిస్తుంది. నెలకు 21,000 దాకా వేతనం ఉన్నవాళ్ళు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. మీ పేరు ఈఎస్‌ఐలో ఉందో లేదో ఈ నెలే చూసుకోండి. లేకపోతే సంఘానికి చెప్పండి, అడగాల్సిన వాళ్ళను మనం కలిసి అడుగుదాం.

రోడ్డు భయం గురించి దాటవేయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో దాదాపు 45 శాతం మోటారు రెండు చక్రాల మీద పోయేవాళ్ళు. సైకిల్ మీద పోయి ప్రాణం కోల్పోయినవాళ్ళు 5 వేలకు కొంచెం తక్కువ. సైకిల్‌కు ప్రమాదం లేదని ఈ అంకెలు చెప్పవు, మోటార్ సైకిల్ ఎక్కితే ప్రాణానికి భరోసా ఉందని కూడా చెప్పవు. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో, సైకిల్ మీద పనికి పోయేవాళ్ళలో అకాల మరణం 41 శాతం తక్కువగా కనబడింది. అక్కడి రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. కాబట్టి జాతీయ రహదారి మీద లారీల పక్కన సైకిల్ తొక్కమని మేం ఎవరికీ చెప్పం. 44వ నంబరు రహదారి దాటకుండా లోపలి దారుల్లో 3 నుంచి 8 కిలోమీటర్లలో ఉన్నవాళ్ళకే ఈ మాట. దారి బాగు చేయమని కార్పొరేషన్‌ను అడగాలన్నా, ముందు ఏ దారిన ఎంతమంది సైకిల్ మీద పోతున్నారో లెక్క కావాలి. కిలోమీటరు భత్యం ఇచ్చే కంపెనీ దగ్గర ఆ లెక్క తనంతట తనే తయారవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. చూడ్డానికి బాగుంటుంది, ఆదివారం పొద్దున తొక్కడానికీ బాగుంటుంది. బాట వేసేముందు పనికిపోయే మనిషి ఇల్లెక్కడ, ఫ్యాక్టరీ ఎక్కడ అని చూడడమే మనకు కావాల్సింది.

ఆడవాళ్ళ సంగతి. మన చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఆడపిల్లల సంఖ్య పెరుగుతోంది. 2021 మే నుంచి తమిళనాడు మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఇంక సైకిల్ ఎందుకు అంటారు. బస్సు ఉచితమే, బస్టాపు దాకా రెండు కిలోమీటర్లు ఎవరు మోస్తారు? ఇదే రాష్ట్రంలో పుదుకోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. చదువుతో పాటు చక్రం కూడా చేతికొస్తే మనిషి ఎంత దూరం పోగలదో వాళ్ళు చూపించారు. తరవాత ప్రభుత్వ బడి పిల్లలకు ఉచిత సైకిళ్ళు వచ్చాయి. మన ఇళ్ళల్లోనూ ఆ సైకిళ్ళున్నాయి. పదకొండో తరగతిలో ధైర్యంగా తొక్కిన పిల్ల, ఉద్యోగం రాగానే ఎందుకు దిగిపోతోంది? బడిలో సైకిల్ స్టాండు ఉండేది, ఫ్యాక్టరీలో లేదు. బడికి తొక్కితే మెచ్చుకున్నారు, పనికి తొక్కితే జాలిపడుతున్నారు.

ఆ జాలే మనకు అసలు అడ్డు. సైకిల్ అంటే బండి కొనలేనివాడిది అన్న మాట మన వాళ్ళలో బాగా పాతుకుపోయింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి ఏ బండి ఉందని అడుగుతాం. అందుకే కంతు భారమైనా బండి కొంటారు, పెట్రోలుకు చేబదులు అడుగుతారు. ఇలాంటి అభిప్రాయాలు ఉపన్యాసాలతో మారవు. జీతం చీటీలో సైకిల్ భత్యం అని ఒక వరస కనబడితే మారతాయి. కంపెనీ గౌరవించినదాన్ని పక్కింటివాడు చులకన చేయడు.

దొంగలెక్కలు రాస్తారంటారా? ఇంటి చిరునామా చూసి దూరం ఒక్కసారి ఖాయం చేయండి. ఒక్కో వైపు 8 కిలోమీటర్లకు హద్దు పెట్టండి. గేటు దగ్గర హాజరుతో పాటు సైకిల్‌కు ఒక గుర్తు వేయించండి. వాన రోజు బస్సులో వస్తే ఆ రోజుకు ఉండదు, అంతే. కారు పెట్రోలు బిల్లుల్లో జరిగే మాయ కంటే ఇందులో జరిగేది చిన్నదే.

సోలాపూర్, భివండీ, బరంపురం, యానాం నుంచి మన రాతలు చదివేవాళ్ళకు ఒక మాట. హోసూరు లెక్క అన్నిచోట్లా అలాగే అతకదు. సోలాపూర్‌లో పవర్‌లూమ్ మీద పని లెక్కన కూలి తెచ్చుకునే మన పద్మశాలి అన్నలకు నెల జీతం చీటీయే లేని చోట్లున్నాయి. అక్కడ కిలోమీటరు భత్యం కంటే ముందు వడ్డీలేని అడ్వాన్సు, కార్ఖానాలో సైకిల్‌కు నీడ అడగాలి. మీ ఊరి సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. మీ లెక్క మీరు వేసి రాయండి.

మన సంఘం తరవాతి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టాలని మా కోరిక. సభ్యుల యూనిట్లలో మూడు ముందుకొచ్చి ఆరు నెలలు చేసి చూడాలి. కిలోమీటరుకు 2 రూపాయలు, కాంట్రాక్టు వాళ్ళతో సహా, జీతానికి పైన. షెడ్డులో చోటు, దీపాలు, అడుగుతే అడ్వాన్సు. ఆరు నెలల తరవాత ఎంతమంది సైకిల్ ఎక్కారు, ఎంతమంది దిగారు, ఎంత ఖర్చయింది, హాజరు ఎలా ఉంది అని ఆ ముగ్గురు యజమానులూ, ఆ యూనిట్ల నుంచి ముగ్గురు పనివాళ్ళూ సంఘం ముందు చెప్పాలి. బాగుంటే మిగతావాళ్ళను అడుగుదాం. బాగాలేకపోతే ఎందుకో తెలుసుకుని మారుద్దాం.

ముందుకొచ్చే అన్నలు, అక్కలు సంఘం కార్యదర్శికి కబురు చేయండి. సైకిల్ మీద వచ్చేవాళ్ళు మీ దూరం, మీ షిఫ్టు, దారిలో మీకు భయమేసే చోటు రాసి పంపండి. ఆ జాబితా చేతిలో ఉంటే కార్పొరేషన్ దగ్గరికి వట్టి చేతులతో పోనక్కర్లేదు.